కోటలో మ్యూజియం, మా దుగరాజపట్నం

చెన్నైలో ఉండే నెల్లూరు జిల్లా వాళ్ళ ఇళ్ళకు చుట్టాలు రెండు పనుల మీదే వస్తారు. ఒకటి ఆస్పత్రి, రెండోది పెళ్ళి బట్టలు. మా మేనమామ మొదటి పని మీద వచ్చాడు. కళ్ళ పరీక్షకు ఇచ్చిన తేదీ కంటే ముందే దిగాడు కాబట్టి మధ్యలో ఒక రోజు ఖాళీ దొరికింది. మెరీనాకి పోదామంటే “సముద్రం మన ఊళ్ళో లేదా ఏంది?” అన్నాడు. టీ నగర్ పేరెత్తితేనే చెయ్యి అడ్డంగా ఊపాడు. ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు ఉంటాయి మామా అంటే, అవి స్కూల్లో ఉన్నప్పుడే బస్సు వేసుకుని తీసుకొచ్చి చూపించారట. అయితే సెయింట్ జార్జి కోటలో మ్యూజియం ఉంది, దానికి పోదాం, అది కట్టినోళ్ళు మన ఊరి దగ్గర్నుంచే వచ్చారు అన్నాను. అంతే, చొక్కా మార్చుకోవడానికి లేచాడు.

ఊరికే ఊరించడానికి చెప్పిన మాట కాదది. మా మామది వాకాడు వైపు. దుగరాజపట్నం అక్కడికి దగ్గర. 2014 విభజన చట్టంలో పెద్ద ఓడరేవు కడతామని రాసిన ఊరు ఇదే, పేపర్లో ఆ పేరు మీరూ చూసే ఉంటారు. ఓడరేవు ఇంకా రాలేదు, ఆ గోల వేరే. నేను చెప్పేది అంతకు దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందటి సంగతి. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1611లో మచిలీపట్నంలో దుకాణం తెరిచారు. అక్కడ గోల్కొండ అధికారులతో పేచీలు, పక్కనే డచ్చివాళ్ళ పోటీ. దాంతో దక్షిణంగా జరిగి 1626లో దుగరాజపట్నం దగ్గర ఇంకో స్థావరం కట్టుకుని దాని చుట్టూ ఫిరంగులు పెట్టారు. వాళ్ళ కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. అప్పుడు సాయం చేసిన ఆరుముగ ముదలియార్ పేరు మీద అలా పిలిచారని చెబుతారు. ఇప్పటికీ అక్కడి లైట్‌హౌస్ పేరు ఆర్మగానే, మా మామకి తెలిసింది ఆ లైట్‌హౌస్ ఒక్కటే.

ఆర్మగాన్ వాళ్ళకి కలిసిరాలేదు. కావలసినంత బట్ట దొరకలేదు, దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్ళు కోట కట్టుకుని కూర్చున్నారు. అప్పుడు అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే మనిషి ఇంకో చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వచ్చి, 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసపట్నం ఇసుక తీరంలో కొంత చోటుకి అనుమతి రాయించుకున్నాడు. వందవాసిలో ఉండి ఈ ప్రాంతాన్ని ఏలుతున్న వెంకటాద్రి, పూందమల్లిలో ఉన్న ఆయన తమ్ముడు అయ్యప్ప, ఇద్దరూ తెలుగు నాయకులు, చంద్రగిరి నుంచి ఏలుతున్న విజయనగర రాజు కింద పనిచేసేవాళ్ళు. తమ తండ్రి చెన్నప్ప పేరుతో ఊరు ఉండాలని అడిగారు కాబట్టే చెన్నపట్నం అయింది. డే ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నాడంటే ఇక్కడ బట్ట చవక అని ఆయన రాసిన కారణం. దగ్గర్లోని పోర్చుగీసువాళ్ళ ఊరు సాంథోమ్‌లో ఆయన ప్రియురాలు ఉండేదని, అందుకే ఆ పక్కన చోటు చూసుకున్నాడని అప్పట్లోనే ఒక పుకారు నడిచింది. ఈ ముక్క రైల్లో చెప్పాను. మా మామ ఎదురు సీట్లో వాళ్ళు తిరిగి చూసేలా నవ్వాడు.

పార్క్ స్టేషన్ నుంచి లోకల్ ఎక్కితే పక్కదే ఫోర్ట్ స్టేషన్. కోట లోపల తమిళనాడు సచివాలయం, అసెంబ్లీ ఉన్నాయి, సైన్యం వాళ్ళ ఆఫీసులూ ఉన్నాయి. కాబట్టి గేటు దగ్గర సోదా ఉంటుంది, ఆధార్ లాంటిది ఏదో ఒకటి చేతిలో పెట్టుకోండి. మంత్రి గారికి అర్జీ ఇవ్వడానికి వచ్చిన జనం, ఫైళ్ళు పట్టుకుని పరుగెత్తే ఉద్యోగులు, మధ్యలో మ్యూజియం ఎటు అని అడిగే మనం. ఇంకో మాట, శుక్రవారం సెలవు.

మ్యూజియం ఉన్న భవనమే నాకు లోపలి వస్తువులన్నిటికంటే బాగా నచ్చింది. 1790ల్లో పూర్తయిన మేడ ఇది, వ్యాపారులు కలుసుకునే ఎక్స్చేంజిగా కట్టారు. పై అంతస్తు హాల్లో వర్తకులు, ఓడల కెప్టెన్లు కూర్చుని ఏ ఓడ ఎప్పుడు వస్తుంది, ఏ సరుకు ఎంతకి పోతుంది అని బేరాలాడుకునేవాళ్ళు. అప్పుడు సముద్రం ఇంత దూరంలో లేదు, కోట గోడల ముందే అలలు విరిగేవి. ఇప్పుడు ముందున్న రాజాజీ సాలై, దాని అవతల హార్బరు, అదంతా 19వ శతాబ్దం చివర్లో హార్బరు కట్టడం మొదలెట్టాక వచ్చిన నేల. 1796లో ఈ మేడ నెత్తి మీదే మద్రాసు మొదటి లైట్‌హౌస్ వెలిగించారు, నూనె దీపాలతో. అది 1844 దాకా పనిచేసింది. తర్వాత దీపం హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ నిలబడి ఉన్న రాతి స్తంభం మీదికి పోయింది, అక్కణ్ణుంచి 1894లో హైకోర్టు గుమ్మటం మీదికి, చివరికి 1977లో మెరీనాలో ఇప్పుడున్న చోటికి. లైట్‌హౌస్ ఊరంతా తిరిగిందన్న మాట. ఆర్మగాన్ లైట్‌హౌస్ చూస్తూ పెరిగిన మా మామకి ఇది బాగా పట్టింది. ఎక్కడ వెలిగించారో చూద్దామని బయటికి పోయి మేడ పైకి తల ఎత్తి చాలాసేపు నిలబడ్డాడు, సెక్యూరిటీ అతను వచ్చి ఏమైంది సార్ అని అడిగేదాకా.

లోపలికి రాగానే టిప్పు సుల్తాన్ మీద యుద్ధం నడిపిన గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ విగ్రహం. మనిషి ఎత్తుకి రెండింతలు మించి ఉంటుంది. లండన్‌లో థామస్ బ్యాంక్స్ అనే శిల్పి చెక్కితే 1800లో ఓడలో ఇక్కడికి వచ్చింది. విగ్రహం కంటే కింద పీఠం మీద చెక్కిన బొమ్మ చూడండి. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందం తర్వాత టిప్పు సుల్తాన్ తన ఇద్దరు చిన్న కొడుకుల్ని తాకట్టుగా అప్పగిస్తున్న దృశ్యం అది. ఆ పిల్లల్ని ఈ మద్రాసుకే తెచ్చారు, 1794లో తిరిగి పంపారు. మామ కళ్ళు మసక కాబట్టి లేబుళ్ళు నేనే చదివి తెలుగులో చెబుతున్నాను. ఇది చెప్పగానే “పిల్లకాయల్ని తాకట్టు పెట్టుకున్నోడికి రాతి బొమ్మా?” అని, ఇంక ఆ విగ్రహం ముఖం వైపు చూడలేదు. నాకైతే అలాంటి బొమ్మలు పగలగొట్టకుండా ఇలా పెట్టడమే నయం అనిపిస్తుంది, గెలిచినవాళ్ళు దేన్ని గొప్పగా చెప్పుకున్నారో తెలుస్తుంది.

ఆయుధాల గది నేను త్వరగానే దాటేశాను. కత్తులు, తుపాకులు, ఫిరంగి గుండ్లు, సైనికుల యూనిఫారాలు, పతకాలు. ఇష్టమున్నవాళ్ళకి అక్కడే గంట పడుతుంది. రాజుల, రాణుల, గవర్నర్ల నిలువెత్తు తైలవర్ణ చిత్రాలూ అంతే, అందరూ ఒకే దర్జీ దగ్గర కుట్టించుకున్నట్టు ఉంటారు.

పింగాణీ గది దగ్గర మాత్రం ఆగాం. కంపెనీ వాళ్ళు వాడిన పళ్ళాలు, ఆర్కాటు నవాబుల ఇంటి పళ్ళాలు, గిన్నెలు, జాడీలు. మామ అద్దం దగ్గరికి వంగి చూసి, “ఏంది పాపా, వాళ్ళు తిన్న పళ్ళాలు కూడా దాచిపెట్టారా? మరి వాళ్ళు కొనడానికొచ్చిన బట్ట ఏదీ?” అన్నాడు.

అడిగినంత మామూలుగా అడిగాడు కానీ నాకు ఆ తర్వాత మ్యూజియం అంతా ఆ ప్రశ్నే కనబడింది. వీళ్ళు ఏడు సముద్రాలు దాటి వచ్చింది పళ్ళాల కోసమో కత్తుల కోసమో కాదు, బట్ట కోసం. మచిలీపట్నం అద్దకం గుడ్డలు, తెల్ల నేత, రంగు నేత. ఆ బట్టతోనే జావా దీవుల్లో మిరియాలు, మసాలా దినుసులు కొనేవాళ్ళు, డబ్బు కంటే అక్కడ ఈ బట్టే ఎక్కువ చెల్లేది. కోట గోడలు లేవకముందే డే, ఆయనతో వచ్చిన కోగన్ చేసిన మొదటి పని నేతగాళ్ళని పన్నుల్లేకుండా వచ్చి ఉండమని పిలవడం. వందల కుటుంబాలు వచ్చి చేరాయి. తర్వాత 1734లో గవర్నర్ మోర్టన్ పిట్ హయాంలో ఒక్క నేతగాళ్ళ కోసమే చింతాద్రిపేట కట్టించారు, అదీ సుంకురామ చెట్టి అనే తెలుగు వర్తకుడి తోట తీసుకుని. ఎలీహూ యేల్ పేరు మీద అమెరికాలో అంత పెద్ద యూనివర్సిటీ ఉంది కదా, ఆయన 1687 నుంచి 1692 దాకా ఈ కోటకి గవర్నరు. 1718లో ఆ కాలేజీకి ఆయన పంపిన సామాన్లలో పుస్తకాలతో పాటు బట్టల మూటలు ఉన్నాయి, అవి అమ్మగా వచ్చిన డబ్బుతోనే భవనం లేచింది, పేరూ పడింది.

అంత నడిపిన బట్ట, ఈ అద్దాల వెనక ఎక్కడుంది? నాకు కనబడినంతలో పెద్దగా లేదు. దీంట్లో ఎవరి తప్పూ లేదనుకుంటాను. ఇనుము ఉంటుంది, పింగాణీ ఉంటుంది, నూనె రంగుల చిత్రం ఉంటుంది. బట్ట కట్టుకుంటే చిరుగుతుంది, ఉతికితే వెలుస్తుంది, మన గాలిలోని ఉప్పుకీ చెమ్మకీ చెదలకీ అయిపోతుంది. అమ్మడానికి తెచ్చింది కాబట్టి మంచిదంతా ఓడ ఎక్కి పోయింది కూడా. కోరమాండల్ అద్దకం గుడ్డలు చూడాలంటే ఇప్పుడు లండన్ మ్యూజియాలకి పోవాలి. మ్యూజియంలో ఏముందో దాన్ని బట్టి చరిత్ర అనుకుంటే, ఈ ఊరు యుద్ధాల వల్ల పుట్టినట్టు ఉంటుంది. పుట్టింది మగ్గాల వల్ల. వెంకటగిరి చీరలు నేసే ఊళ్ళకి పక్క ఊరివాడు కాబట్టే మామకి ఆ ప్రశ్న తట్టిందేమో, నేనొక్కదాన్నే పోయి ఉంటే పళ్ళాల మీది పువ్వుల డిజైన్లు చూసి వచ్చేసేదాన్ని.

బట్టతో పాటు మాయమైన వాళ్ళు ఇంకొందరున్నారు. దుబాసీలు. ఇంగ్లీషువాళ్ళకి నేతగాళ్ళ మాట రాదు, నేతగాళ్ళకి వీళ్ళ మాట రాదు. మధ్యలో ధర కుదిర్చి, అడ్వాన్సు పంచి, బట్ట గుణం చూసి తీసుకుని, అప్పులు కూడా ఇచ్చింది తెలుగు, తమిళ వర్తకులు. డేకి తోడుగా నిలిచిన బేరి తిమ్మన్న వాళ్ళలో మొదటివాడు, ఆయన తర్వాత కాసి వీరన్న చక్రం తిప్పాడు. అసలు డే రాయించుకున్న పత్రంలో కోట ఖర్చు ఎవరిది అన్న దాని మీద మొదట్లోనే పేచీ వచ్చింది. నాయకుడు పెట్టుకుంటాడని వీళ్ళు అర్థం చేసుకున్నారు, ఆయన నేనెక్కడ అన్నాను అన్నాడు, లండన్ పెద్దలు ఇంత ఖర్చు ఎవరు చెయ్యమన్నారని కోప్పడ్డారు. పంచాయితీ భాష తెలిసిన మధ్యవర్తి లేకపోతే ఇలాంటి వ్యవహారం ఒక్క అడుగు ముందుకు పడదు, మన ఇళ్ళ స్థలాల గొడవలు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మామకి ఎక్కువ సంతోషం కలిగింది నాణేల దగ్గర. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు, డబ్బు లెక్క అంటే ప్రాణం. కంపెనీ మద్రాసులోనే టంకశాల పెట్టుకుని వరహాలు, ఫణాలు, కాసులు కొట్టించింది. షావుకారుపేటలో మింట్ స్ట్రీట్ అనేది ఆ టంకశాల వీధే. ఒక వరహాకి మూడున్నర రూపాయలు లెక్క. 1818లో రూపాయినే ప్రామాణికం చేసేదాకా ఈ లెక్కలతోనే మన తాతలు కిస్తులు కట్టారు. 1807, 1808 ప్రాంతంలో కొట్టిన మద్రాసు నాణేల్లో కొన్నిటి మీద ఇంగ్లీషు, పారసీతో పాటు తమిళం, తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. అర వరహా, పావు వరహా వెండి నాణేలైతే మరీ చిత్రం. ఒక వైపు గోపురం, చుట్టూ చుక్కలు, ఇంకో వైపు విష్ణుమూర్తి. పైన కూర్చుని ఏలేది ఇంగ్లీషువాళ్ళే అయినా సంతలో చెల్లాలంటే దేవుడూ కావాలి, తెలుగూ కావాలి. నేను ఫోన్లో ఆ బొమ్మ పెద్దది చేసి చూపిస్తే మామ ఆ తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవడానికి ప్రయత్నిస్తూ, వెనక వచ్చే స్కూలు పిల్లల్ని కూడా పిలిచి చూపించాడు. వాళ్ళు తమిళ పిల్లలు, తమిళ అక్షరాలు వాళ్ళు వెతుక్కున్నారు. టీచరమ్మ కాసేపు ఊరుకుని తర్వాత లైన్లో నడిపించుకుపోయింది.

పాత చిత్రాల్లో డానియల్ అనే చిత్రకారుడు, ఆయన సోదరుడి కొడుకు కలిసి చేసిన అచ్చులు తప్పకుండా చూడండి. 1790ల నాటి కోట, దాని ముందు తెల్లగా నురగలు కక్కే అలలు, అలల మీద పడవలు. హార్బరు లేని కాలం కాబట్టి ఓడలు లోతులోనే ఆగేవి. మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి తెచ్చింది మసూలా పడవలు, మేకులు లేకుండా పలకల్ని కొబ్బరి తాళ్ళతో కుట్టిన పడవలు. మేకు కొట్టిన పడవ ఆ అలల దెబ్బకి విరిగిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. గవర్నరు కూడా తడిసి ముద్దై, జాలర్ల భుజాల మీద దిగాల్సిందే. మా వైపు అలాంటి కుట్టు పడవలు తన చిన్నప్పటి దాకా ఉండేవని మామ చెప్పాడు.

పై అంతస్తులో స్వాతంత్ర్య పోరాటం గ్యాలరీ ఉంది, అందులో పట్టు జెండా. 1947 ఆగస్టు 15 తెల్లవారుజామున ఈ కోట మీద ఎగరేసిన జెండా ఇది, పొడవు 12 అడుగులు, వెడల్పు 8 అడుగులు. వెలుతురు తగ్గించి, చెమ్మ తగలకుండా గాజు పెట్టెలో పెట్టారు, 2013 నుంచి జనం చూడటానికి ఉంచారు. ఇందాక బట్ట ఏదీ అని అడిగిన మనిషికి చివరికి ఒక బట్ట దొరికింది, పాతబడకుండా ఇంత తంటాలు పడి కాపాడుతున్నది కూడా. మామ మాత్రం జెండా కంటే దాని చుట్టూ ఉన్న రాజకీయం మొదలుపెట్టాడు. ఆ రోజుకి నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రమే కదా, ఈ కోటలోనే కదా మన ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా కూర్చుంది, మన బెజవాడ గోపాలరెడ్డి మంత్రి అయింది, ఇక్కడికి నాలుగు వీధుల అవతల మైలాపూర్‌లో కదా 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణం వదిలింది. “ఇక్కణ్ణుంచి లేచి కర్నూలు గుడారాల్లోకి పోయినారు మనోళ్ళు” అన్నాడు. మైలాపూర్ నాలుగు వీధుల దూరం కాదులే కానీ నేను సరిదిద్దలేదు. 1953 అక్టోబరు 1 దాకా మా తాత భూమి తగాదా కాగితాలన్నీ ఈ గోడల మధ్యే తిరిగాయని అమ్మ చెబుతుండేది. అవి ఏమయ్యాయో మామకీ తెలియదు, తెలిసినా ఇప్పుడు చేసేదేమీ లేదు.

బయటికి వచ్చాక సెయింట్ మేరీస్ చర్చి చూశాం. 1680లో తెరిచింది, పైకప్పు కూడా బాంబులకు తట్టుకునేంత మందంగా కట్టారు. క్లైవు పెళ్ళి 1753లో ఇక్కడే జరిగింది. చల్లగా ఉంటుంది, కాసేపు కూర్చోవడానికైనా పోండి. అక్కణ్ణుంచి ఆటో ఎక్కి పూలబజారు వైపు చెన్నకేశవ పెరుమాళ్ గుడికి పోయాం, మామకి ఇదీ నేనే ఎక్కించాను. తిమ్మన్న కాలం నాటి గుడి అసలు ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసుని పట్టుకుని మూడేళ్ళు ఉంచుకున్నారు. అది తిరిగి చేతికొచ్చాక ఇంగ్లీషువాళ్ళు కోట చుట్టూ గుండు దెబ్బకి అడ్డం లేకుండా ఉండాలని పాత నల్లవాళ్ళ పట్నాన్ని నేలమట్టం చేశారు. గుడీ పోయింది. తర్వాత వేరే చోట భూమి ఇచ్చి మళ్ళీ కట్టుకోనిచ్చారు, దేవరాజ ముదలి వీధిలో ఇప్పుడున్నది అదే. ఆ ఖాళీ చేసిన మైదానం హద్దు చూపే రాతి స్తంభాల్లో ఒకటి ఇంకా పారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ పక్కన మిగిలి ఉంది, జనం దాన్ని ఆనుకుని బస్సు కోసం చూస్తుంటారు.

కోట మ్యూజియానికి పోయే తెలుగువాళ్ళకి నేను చెప్పేదల్లా, దామర్ల వాళ్ళ గురించి, బేరి తిమ్మన్న గురించి, ఆర్మగాన్ గురించి కాస్త చదువుకుని పోండి, లేకపోతే గంటలో బయటికొచ్చి బోర్ అంటారు. మ్యూజియం వాళ్ళని అడిగే అవకాశం వస్తే మాత్రం నేను అడిగేది ఒక్కటే. లోపలికి రాగానే గోడ మీద ఒక పెద్ద పటం, మచిలీపట్నం, దుగరాజపట్నం, పులికాట్, మద్రాసు ఒకే గీత మీద కనబడేలా, దాని కింద ఇక్కడి నేత బట్ట ఒకటి. కొత్తగా నేసిందైనా పర్లేదు. వెంకటగిరి నుంచి తెప్పించడానికి మా మామ రెడీగా ఉన్నాడు.